గ్లాసెడు పెసలు, ఆరు రోజుల చదువు

జూన్ చివరి వారం. తొలకరి పడింది, ఊళ్లో విత్తనాలు వేస్తున్నారు. ఇద్దరు టీచర్లు, 23 మంది పిల్లలు ఉన్న ఓ ప్రాథమిక పాఠశాలలో సోమవారం పొద్దున రెండో తరగతి వాళ్ల ముందు ఒక గ్లాసెడు పెసలు పెట్టారనుకుందాం. పిల్లలు ముందు గ్లాసులో చెయ్యి పెట్టి కలుపుతారు. తర్వాత ఒకరిద్దరు నోట్లో వేసుకుంటారు. ఆ తర్వాత మాటలు మొదలవుతాయి. నీళ్లు పోస్తే మొలకలొస్తాయని ఒక పిల్ల అంటుంది, వాళ్లమ్మ చేస్తుంటే చూసింది. మట్టిలో పెడితేనే వస్తాయని ఇంకొకడు పట్టుబడతాడు. ఎండ తగలకపోతే ఏవీ రావని మూడోవాడు. టీచర్ జవాబు చెప్పేయకుండా ఈ మూడు మాటలనూ బోర్డు మీద ఒక మూల రాసి, పక్కన ఎవరి మాటో వాళ్ల పేరు పెట్టి, శనివారం దాకా ఎవరూ చెరపొద్దని చెబితే ఆ వారం చదువు మొదలైనట్టే.

ఇక్కడ ముఖ్యమైన మాట 'శనివారం దాకా'. మన బడుల్లో కృత్యం, అంటే పిల్లలు చేస్తూ నేర్చుకునే పని, అనగానే పీరియడ్ లెక్కలో ఆలోచించడం అలవాటైపోయింది. నలభై నిమిషాల్లో మొదలై నలభై నిమిషాల్లో అయిపోవాలి. సోమవారం ఆకుల బొమ్మలు, మంగళవారం అంకెల ఆట, బుధవారం ఒక పాట, గురువారం ఇంకేదో. విడివిడిగా చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. కానీ సోమవారం నేర్చుకున్నదానితో మంగళవారం పని పడకపోతే పిల్లలు దాన్ని ఎందుకు గుర్తుపెట్టుకోవాలి? నేర్చుకున్నది మళ్లీ తడమకపోతే ఎంత వేగంగా జారిపోతుందో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించాడు. ఒకేసారి గంటసేపు చదివిన దానికన్నా అదే గంటను నాలుగు రోజులకు పంచుకుని చదివింది ఎక్కువ కాలం నిలుస్తుంది. అందుకే చిన్న తరగతుల్లో చదువుకు సరైన కొలత వారం. పీరియడ్ దానికి మరీ చిన్నది.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది, అది లెక్కల్లో తేలేది. విద్యాహక్కు చట్టం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలంటుంది. అంటే రోజుకు సగటున నాలుగు గంటలు, వారానికి 24. అదే చట్టం 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు అని లెక్క కట్టింది. తరగతులు మాత్రం ఐదు. ఇద్దరి గంటలూ కలిపితే 48. ఐదు తరగతులకు పంచితే ఒక్కో తరగతికి వచ్చేది తొమ్మిదిన్నర గంటలు. మిగిలిన పద్నాలుగు గంటలకు పైగా టీచర్ అదే గదిలో ఉన్నా ఇంకో తరగతితో ఉంటారు. ఏకోపాధ్యాయ పాఠశాలలో అయితే ఒక్కో తరగతికి ఐదు గంటలు కూడా దక్కవు.

ఆ పద్నాలుగు గంటలూ పిల్లలు ఏం చేస్తున్నారు? చాలా చోట్ల పాఠం చూసి రాస్తుంటారు. లేదా ఎక్కాలు రాస్తుంటారు. లేదా చేతులు కట్టుకుని కూర్చుంటే, క్లాస్ లీడర్ మాట్లాడిన వాళ్ల పేర్లు బోర్డు మీద రాస్తుంటాడు. ఇందులో టీచర్ల తప్పు వెతకడం న్యాయం కాదు. రిజిస్టర్లు, యాప్‌లో ఫొటోలు, భోజనాల లెక్క, మీటింగులు అన్నీ వాళ్ల నెత్తినే ఉన్నాయి. కానీ ఈ లెక్క చూశాక ఒక సంగతి ఒప్పుకోక తప్పదు. టీచర్ ఇంకో తరగతి వైపు తిరిగినప్పుడు పిల్లల చేతుల్లో మిగిలే చదువు పేరే కృత్యం. అది గోడకు అందం కోసం పెట్టుకునేది అయితే పద్నాలుగు గంటలూ ఖాళీ.

మళ్లీ పెసల దగ్గరికి. సోమవారం పిల్లలు 52 గింజలు లెక్కపెట్టి నీళ్లలో వేస్తారు. ఇంకో చిన్న గ్లాసులో కొన్ని నీళ్లు లేకుండా ఉంచుతారు. మంగళవారం పొద్దునకి నానిన గింజలు ఉబ్బుతాయి, కొన్నింటి తొక్క చిట్లుతుంది. వాటిని తడిగుడ్డలో మూట కట్టి, ఆ మూటను బీరువాలో పెట్టి తలుపు వేయాలి. ఎండ లేకపోతే రావన్న పిల్లవాడి చేతే తలుపు వేయిస్తే మంచిది, వాడికి ఆ రోజంతా ధ్యాస అక్కడే ఉంటుంది.

మూట బీరువాలో ఉండగా మంగళవారం పని తెలుగు. బోర్డు మీద 'పెసలు' అని రాస్తే ఒకడు 'వెసలు' అని చదువుతాడు. ప, వ అక్షరాల దగ్గర చిన్న పిల్లలు తడబడటం మామూలే. తలకట్టు పోయి ఎత్వం వచ్చి కూర్చుంటే ఆ తేడా ఇంకా కష్టం. వర్ణమాల మొత్తం అప్పజెప్పించినా ఈ తడబాటు పోదు, ఎందుకంటే అప్పజెప్పేటప్పుడు అక్షరం వైపు చూడాల్సిన పనే లేదు. ఎదురుగా పెసలు ఉన్నప్పుడు 'వెసలు' అని చదివితే పక్కవాళ్లు నవ్వకముందే వాడికే తెలిసిపోతుంది, అలాంటి వస్తువు లేదు కదా అని.

తర్వాత పెసలతో ఏమేం చేస్తారో చెప్పమంటే చాలు. పెసరట్టు, పెసరపప్పు, పునుగులు. రెండో తరగతిలో నేర్పాల్సిన ద్విత్వాక్షరాలు అడక్కుండానే వచ్చేశాయి. పెసరట్టులో ట కింద ట, పెసరపప్పులో ప కింద ప. రుచి తెలిసిన మాటల్లో ఒత్తు కనిపిస్తే అది పిల్లలకు పరాయిగా అనిపించదు. తెలంగాణలో చాలా ఇళ్లలో వీటిని పెసర్లు అంటారు. అక్కడ పిల్ల 'పెసర్లు' అంటే సరిదిద్దకుండా రెండు మాటలూ పక్కపక్కన రాయాలి. ఇంటి మాటలో ఉన్న 'ర్ల' ఒక సంయుక్తాక్షరం, పుస్తకం మాట కన్నా రాయడానికి కష్టమైనది. పిల్ల ఇంటి నుంచి తెచ్చింది తక్కువదేం కాదు. ఇదే మాట ఏజెన్సీ బడులకు ఇంకా గట్టిగా వర్తిస్తుంది. సవర, కువి, కోయ, గోండి, కొలామి మాట్లాడే పిల్లలకు వాళ్ల భాషల్లో వాచకాలు ఉమ్మడి రాష్ట్రంలోనే తయారయ్యాయి. బడికొచ్చిన మొదటి వారం నుంచే గింజకు వాళ్లింట్లో ఏమంటారో అడిగి బోర్డు మీద రాసే టీచర్ ఉంటే తప్ప ఆ పుస్తకాలు కూడా అల్మారా దాటి రావు.

బుధవారం మూట విప్పుతారు. వారంలో ఎక్కువ సేపు ఆగాల్సింది ఇక్కడే, ఎందుకంటే పరిసరాల విజ్ఞానం, తెలుగు, గణితం మూడూ ఒకే చోట కలుస్తాయి.

మొదట గోల. బీరువా చీకట్లో కూడా మొలకలొచ్చాయి, మట్టి కూడా లేదు. బోర్డు మూలన ఉన్న మూడు మాటల్లో రెండు తప్పని తేలాయి. ఆ ఇద్దరికీ అప్పుడే చెరిపేయాలని ఉంటుంది. శనివారం దాకా ఆగాలి.

తర్వాత బొమ్మ. గింజను, దాని నుంచి వచ్చిన తెల్లటి తోకను చూసి గీయమంటే చాలామంది తోకను పైకి గీస్తారు. మొక్క పైకే కదా పెరుగుతుంది! గింజ నుంచి ముందు బయటికొచ్చేది వేరు, కాండం కాదు. ఈ మాట ఇప్పుడు చెప్పేస్తే పిల్లలు తలూపి మర్చిపోతారు. బొమ్మ అలాగే ఉండనివ్వాలి. బొమ్మ కింద రెండు వాక్యాలు సొంతంగా రాయమంటే "నిన్న గింజ గట్టిగ ఉంది. ఈరోజు తోక వచ్చింది" అని ఒక పిల్ల రాస్తుంది. ఎర్ర పెన్నుతో 'తోక' కొట్టేసి 'మొలక' అని దిద్దాలని చెయ్యి లాగుతుంది. వద్దు. ఆ పిల్ల తను చూసినదాన్ని తన మాటల్లో పెట్టిన మొదటి వాక్యం అది. చూసి రాసిన పది పేజీల కన్నా ఆ నాలుగు మాటల విలువ ఎక్కువ. 'మొలక' అన్న మాట బోర్డు మీద కనిపిస్తూ ఉంటే శుక్రవారానికి తనే వాడుతుంది.

ఇక లెక్క. 52 గింజల్లో 38 మొలకెత్తాయి. మొలకెత్తనివి ఎన్ని? పలక మీద 52 కింద 38 రాసి ఒక పిల్లవాడు 26 అంటాడు. ఎలా వచ్చిందో చూస్తే వాడి ఆలోచన అర్థమవుతుంది. 2లోంచి 8 పోదు కాబట్టి 8లోంచి 2 తీశాడు, 6. తర్వాత 5లోంచి 3, 2. ఇది అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదు. పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలని వాడికి ఎవరో నేర్పారు, వాడు దాన్ని నిష్ఠగా పాటించాడు. టీచర్ "తప్పు, మళ్లీ చెయ్" అంటే వాడు మళ్లీ అదే చేస్తాడు. కానీ ఇక్కడ మొలకెత్తని గింజలు గుడ్డ మీదే ఉన్నాయి. లెక్కపెట్టుకుంటే 14. పలక మీద 26, గుడ్డ మీద 14. రెండింట్లో ఏదో ఒకటి తప్పు, గింజలు అబద్ధం చెప్పవు.

అప్పుడు చీపురుపుల్లల కట్టలు బయటికి తీయాలి. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసిన ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ముప్పై ఎనిమిది తీసివ్వమంటే పిల్లవాడు మూడు కట్టలు ఇచ్చేస్తాడు. ఎనిమిది పుల్లలు ఇవ్వాలి, చేతిలో విడివి రెండే. కాసేపు ఆగుతాడు. ఆ ఆగడమే పాఠం, అప్పుడు ఎవరూ అందించకూడదు. తర్వాత ఇంకో కట్టకున్న రబ్బరు బ్యాండు ఊడదీస్తాడు. పన్నెండు పుల్లలయ్యాయి, ఎనిమిది ఇచ్చేశాడు. మిగిలింది ఒక కట్ట, నాలుగు పుల్లలు. 'పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవడం' అని ఏళ్ల తరబడి చెప్పే మాటకు అర్థం ఆ రబ్బరు బ్యాండు ఊడదీసినప్పుడు తెలుస్తుంది. అక్కడ అప్పు లేదు, ఎవరికీ తిరిగిచ్చేది లేదు, తన కట్టనే విప్పుకున్నాడు.

ఈ విషయంలో తెలుగు పిల్లలకు భాష కూడా సాయపడుతుంది. ముప్పై ఎనిమిది అన్న మాటలోనే ముప్పై, ఎనిమిది విడిగా వినిపిస్తాయి. హిందీలో అదే సంఖ్య అడ్‌తీస్. వంద దాకా దాదాపు ప్రతి సంఖ్య పేరూ అక్కడ విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే. మనకు చిక్కు పదకొండు నుంచి పందొమ్మిది దాకానే. పన్నెండులో పది దాక్కుని ఉంది. కట్టలతో ఎక్కువ సాధన చేయించాల్సింది ఆ తొమ్మిది సంఖ్యల దగ్గర. ఇంకో చిక్కు మూడో తరగతిలో వస్తుంది. నూట ఐదు రాయమంటే 1005 రాస్తారు, విన్నది విన్నట్టు. దానికీ మందు కట్టలే, ఈసారి పది కట్టల పెద్ద మోపు.

ఒక మంచి కృత్యానికి గుర్తు ఏంటంటే, అది టీచర్ లేకుండానే తప్పొప్పులు చెప్పగలగాలి. 26 తప్పని గింజలు చెప్పాయి, 'వెసలు' తప్పని గ్లాసు చెప్పింది. వర్క్‌షీట్ ఈ పని చేయలేదు. ఖాళీలు నింపిన పిల్లవాడు టీచర్ టిక్కు పెట్టేదాకా ఎదురు చూడాల్సిందే, ఆ టిక్కు ఒక్కోసారి శనివారానికి గానీ పడదు.

ఇదంతా కొత్త సంగతేమీ కాదు. 1980ల్లో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు సూత్రాలతో వచ్చింది. టీచర్లే కృత్యాలు తయారు చేసుకోవడం, చేస్తూ నేర్చుకోవడం, ఒంటరిగా, జట్టుగా, తరగతి అంతా కలిసి పనిచేయడం, పిల్లల మధ్య తేడాలను లెక్కలోకి తీసుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని ప్రదర్శించి తరగతిని ఆకర్షణీయంగా ఉంచడం. ఇప్పటికీ వీటిలో ఒక్కటి కూడా పాతబడలేదు. కానీ చాలా బడుల్లో గోడల మీద మిగిలింది ఆరోది. మొదటి ఐదూ కంటికి కనిపించేవి కావు, తనిఖీకి వచ్చిన వాళ్లు పది నిమిషాల్లో చూడగలిగేది గోడనే. దాంతో చార్టులు, తోరణాలు, మోడళ్లు పెరిగాయి. పిల్లలు చేయాల్సిన బొమ్మలు టీచర్లు రాత్రిళ్లు కూర్చుని చేశారు. మంచి ఆలోచన అలా అలంకారంగా మారిపోవడం నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఆ చార్టుల వెనక ఎంతో మంది టీచర్ల నిజాయతీ ఉంది.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ విద్యాసంస్థ చుట్టుపక్కల చిన్న ఊళ్ల బడుల్లో ఇంకో దారి పట్టారు. అక్కడ ప్రశ్న ఒకటే, ఒకే గదిలో అన్ని తరగతులూ ఉంటే ఏం చేయాలి? సిలబస్‌ను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు కార్డులు చేసి, గోడ మీద నిచ్చెన బొమ్మ పెట్టారు. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఆ పిల్లకే తెలుసు, తన కార్డు తనే తీసుకుంటుంది. తమిళనాడు బడుల్లో వచ్చిన కృత్యాధార బోధనకు స్ఫూర్తి ఇక్కడిదే. కార్డుల పద్ధతిలోనూ ఒక ప్రమాదం ఉంది, కార్డు పూర్తి చేయడమే చదువైపోతుంది. అయినా అది పట్టుకున్న మూలం గట్టిది. పిల్ల ఎక్కడుందో అక్కడి నుంచే మొదలుపెట్టాలి, తరగతి నంబరు నుంచి కాదు.

ఎక్కడున్నారో చూస్తే టెన్షన్ వచ్చే మాట నిజమే. పిల్లల చదువు స్థాయిని ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ 2024 సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన వాళ్లు 23.4 శాతం. 2022లో అది 16.3 శాతం, అంటే పెరిగింది. కేంద్రం 2021లో నిపుణ్ భారత్ పథకం, తెలంగాణ 2022లో తొలిమెట్టు కార్యక్రమం మొదలుపెట్టింది చదవడంలో, లెక్కల్లో ఈ పునాది కోసమే. లక్ష్యాలు పై నుంచి రావచ్చు. ఒక పిల్లవాడికి ప, వ తేడా తెలియదన్న సంగతి మాత్రం పైవాళ్లకు ఎప్పటికీ తెలియదు, ఆ గదిలోనే తెలియాలి.

బడిలో అందరికీ ఇష్టమైన పాఠం మధ్యాహ్నం నడుస్తుంది, దాన్ని ఎవరూ పాఠం అనరు. ప్రాథమిక తరగతుల్లో ఒక్కో పిల్లకు రోజుకు వంద గ్రాముల బియ్యం, ఇరవై గ్రాముల పప్పు లెక్క. 23 మంది వస్తే రెండు కిలోల మూడు వందల గ్రాముల బియ్యం, 460 గ్రాముల పప్పు. వంటమ్మ ఈ లెక్క నోటితో చేసేస్తుంది. ఐదో తరగతి వాళ్లు రోజూ హాజరు తీసుకుని ఈ లెక్క కట్టి ఆమెతో సరిచూసుకుంటే కిలోలు, గ్రాములు, గుణకారం ఏడాదంతా సాధన అవుతాయి. రెండో తరగతి వాళ్లు పళ్లేలు పదేసి దొంతరలు పెడతారు, రెండు దొంతరలు, మూడు పళ్లేలు. అవే కట్టలు, ఇంకో రూపంలో. గింజ మొలకెత్తడం చూసిన వారంలో పప్పు గిన్నె ముందు కూర్చుంటే "ఈ పప్పు నానబెడితే మొలకొస్తుందా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. పొట్టు తీసి బద్దలు చేసిన పప్పు మొలకెత్తదు. అయినా నానబెట్టి చూడనివ్వాలి.

గురువారం మొలకలను సగానికి కోసిన నీళ్ల బాటిల్‌లో పెడతారు, బాటిల్ గోడకు ఆనేలా, లోపల తడి దూది. కొందరు తోక పైకి ఉండేలా పెడతారు, వాళ్ల బొమ్మలో ఉన్నట్టే. శుక్రవారం దారంతో వేరు కొలిచి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టి సెంటీమీటర్లు రాసుకుంటారు. ఒక వైపు ఇంగ్లిషు, ఒక వైపు తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాల్లో సీడ్, రూట్ లాంటి మాటలు ఎలాగూ వస్తాయి. బాటిల్‌ను వేలితో చూపిస్తూ చెబితే ఆ మాటలకు ఓ ఆధారం దొరుకుతుంది.

ఇంటి దగ్గర మాత్రం ఈ వారం కొంచెం ఇబ్బందే. నోట్‌బుక్‌లో నాలుగు బొమ్మలు, పదిహేను వాక్యాలు, కొన్ని అంకెలు, అంతే. "ఈ వారం ఏం రాయించలేదేంటి?" అని తల్లిదండ్రులు అడగడం సహజం. కూలి మానుకుని బడికొచ్చి అడిగే తల్లికి ఆ అడిగే హక్కు పూర్తిగా ఉంది. ఆమెకు నోట్‌బుక్ ఒక్కటే కిటికీ. అందుకే ఆమెను ఒకసారి గదిలోకి పిలిచి, ఆ బాటిల్ ముందు కూతురి చేత మాట్లాడించాలి. తల్లులకు గింజల గురించి మనకన్నా ఎక్కువే తెలుసు. ఆ రోజు పాఠం ఆమె చెప్పినా చెప్పొచ్చు.

శనివారం సంచి పక్కన పెట్టి బోర్డు మూల దగ్గరికి వెళ్లాలి. పొడి గ్లాసులో గింజలు గింజల్లాగే ఉన్నాయి. తోక పైకి పెట్టిన మొలకల వేళ్లు వంగి కిందికి తిరిగాయి, బుధవారం బొమ్మ పక్కన ఇంకో బొమ్మ గీసుకుంటారు. మట్టి అన్నవాడు, ఎండ అన్నవాడు వచ్చి తమ మాటలు తామే చెరుపుకుంటారు. ఎండ అన్నవాడికి టీచర్ ఒక మాట చెప్పాలి, మొలకకు ఎండ అక్కర్లేదు గానీ ఆకులొచ్చాక కావాలి, ఆ బాటిల్‌ను కిటికీ దగ్గర పెట్టి చూస్తూ ఉండమని.

తర్వాత ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి, రెండు నిమిషాలు చదివించి, ఒక తీసివేత చేయించాలి. రెండో తరగతిలో ఆరుగురే, అరగంట కూడా పట్టదు. మార్కులు అక్కర్లేదు, ఒక్కొక్కరికీ ఒక లైను చాలు. నలుగురు 'పెసరట్టు' ఆగకుండా చదివారు. ఇద్దరు ఇంకా ప దగ్గర ఆగుతున్నారు. తీసివేతలో కట్ట విప్పడం ఐదుగురికి వచ్చింది, ఆరో పిల్లకు కట్టలతో వస్తోంది, పలక మీద రావడం లేదు. వచ్చే వారం ఏ వస్తువు తీసుకోవాలో ఆ ఆరు లైన్లే చెబుతాయి. చింతగింజలైతే పిల్లలే తెస్తారు, ఆడుకోవడానికీ పనికొస్తాయి. ఆరో పిల్ల అంకెలు రాస్తూ పక్కనే కట్టలు విప్పాలి. ప దగ్గర ఆగుతున్న ఇద్దరి ముందు సోమవారం పొద్దున నాలుగు కార్డులు ఉంటాయి: పలక, వల, పప్పు, వంకాయ.